గ్రీజు గన్ ఎవరి చేతిలో ఉండాలి?

ఉబాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయంటే విజయనగరం పల్లెల్లో ట్రాక్టర్‌కు తీరిక ఉండదు. దమ్ములోకి దిగిన రోటావేటర్ పొద్దుగూకేదాకా బురదలోనే తిరుగుతుంది. దాని ఇరుసు చివర్లలోని బేరింగులను ఆ బురదనీటి నుంచి కాపాడేది ఒక రబ్బరు ఆయిల్ సీలు, దాని వెనక కాస్త గ్రీజు. ఇరుసుకు చుట్టుకున్న గడ్డో, నైలాన్ తాడో ఆ సీలు అంచును మెల్లగా కోసేస్తుంది. ఇక నీళ్లు లోపలికి, గ్రీజు బయటికి. నాట్లు ముమ్మరంగా సాగుతుండగా బండి ఆగిపోతే ‘కంపెనీ సరుకు బాగోలేదు’ అంటారు గానీ, చివరిసారి గ్రీజు ఎప్పుడు కొట్టారని అడిగేవారు తక్కువ.

ఈ ప్రాంతం నుంచి వెళ్లి అమెరికాలో ఇల్లు కొనుక్కున్నవారికీ ఇదే తంటా, మరో రూపంలో. అక్కడ పెద్ద పెరళ్లలో పచ్చికను సీట్లో కూర్చుని నడిపే మోవర్‌తో కోస్తారు. సీటు కింది డెక్‌లో రెండు మూడు బ్లేడ్లు, ఒక్కో బ్లేడుకు ఒక స్పిండిల్, ఆ స్పిండిల్‌ను పట్టి ఉంచే బేరింగులు. బ్లేడు కొన వేగం సెకనుకు 96 మీటర్లు, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు, మించకూడదని అక్కడి భద్రతా ప్రమాణం. ఆ వేగంలో బేరింగు వదులైతే పచ్చిక ఎగుడుదిగుడుగా తెగడం అన్నిటికన్నా చిన్న నష్టం.

బేరింగును పట్టించుకోకపోతే పనే ఆగిపోతుందని మిల్లులు ఏనాడో గ్రహించాయి. స్వీడన్‌లో బంకమట్టి నేల మీద కట్టిన ఓ బట్టల మిల్లులో పునాదులు కదిలి, షాఫ్టులు వంకరపోయి, బేరింగులు తరచూ పాడయ్యేవి. అక్కడి ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ ఆ బాధ పడలేకే, షాఫ్టు కాస్త ఒరిగినా సర్దుకునే బేరింగును తయారుచేశాడు. 1907లో ఎస్‌కేఎఫ్ కంపెనీ పుట్టింది అలాగే. మన జూట్ మిల్లుల్లోనూ నూనె పెట్టడానికే ఆయిలర్ అని ఒక మనిషి ఉండేవాడు. నెల్లిమర్ల మిల్లును ఎరిగిన జిల్లాకు ఇది కొత్త సంగతేం కాదు.

పొలంలో ఆ మనిషి ఎవరు? ఎడ్లబండి రోజుల్లో బండి గలవాడే గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు కందెన పెట్టుకునేవాడు. ఇప్పుడు యంత్రం ఒకరిది కాదు. 2022 జూన్ 7న గుంటూరులో యంత్ర సేవా పథకం కింద 3,800 ట్రాక్టర్లు, 320 కోత యంత్రాలు రైతు గ్రూపులకు అందాయి. 40 శాతం రాయితీ. చిన్న రైతుకు అద్దెకు యంత్రం దొరకడం మంచిదే, అందులో పేచీ లేదు. కానీ గ్రూపులో ఒకరు బుక్ చేస్తారు, ఇంకొకరు నడుపుతారు, డబ్బు మరొకరు వసూలు చేస్తారు. గ్రీజు మాత్రం ఎవరి వంతూ కాదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు.

పని పెద్దదీ కాదు. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, గ్రీజు ఎక్కించే నిపుల్ మీది మట్టి గుడ్డతో తుడవాలి. తుడవకుండా గన్ పెడితే ఆ మట్టినే లోపలికి ఎక్కించినట్టు. ఎక్కువ కొడితే ఎక్కువ మేలన్నది వట్టి భ్రమ, ఒత్తిడికి సీలే బయటికి తన్నుకొస్తుంది. రెండు రకాల గ్రీజులు కలిస్తే కొన్నిసార్లు పలచబడి కారిపోతాయి. రెండు వైపులా సీలు వేసిన బేరింగుకు బయటి నుంచి ఎంత కొట్టినా లోపలికి వెళ్లదు. అది అరిగితే మార్చడమే. బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపు నేరుగా సీలుకు గురిపెట్టకూడదు. చాలా షెడ్లలో జరిగేది సరిగ్గా అదే.

రాయితీ ఇచ్చే శాఖ ఇక్కడ మరో అడుగు ముందుకు వేయాలి. యంత్రంతో పాటు గ్రీజు గన్ ఇవ్వాలి. జూన్‌లో, దమ్ములు మొదలవక ముందే, రైతు సేవా కేంద్రం దగ్గర ఒక పూట మెకానిక్‌తో చేసి చూపించాలి. గ్రూపు కూడా అద్దెలోంచి కొంత తీసి గ్రీజుకు, సీళ్లకు పక్కన పెట్టాలి. అద్దె రాసే పుస్తకంలోనే గ్రీజు తేదీకి, కొట్టినవారి సంతకానికి రెండు గళ్లు గీయాలి. అవి నిండకుండా మరుసటి బుకింగ్ రాయకూడదు.