ఇంటి ముందు లాన్: గడ్డి ముక్కలు పరవడం కన్నా విత్తనంతో పెంచుకోవడమే మేలు

తొలకరి పడగానే పల్లెల్లో విత్తనాల హడావుడి మొదలైతే, పట్టణాల అంచుల్లో లాన్ల హడావుడి మొదలవుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు, ఫాంహౌస్ వేసుకున్నవారే కాదు, ఊళ్లో పాత ఇంటిని బాగు చేయించుకున్న రైతులు కూడా ఇంటి ముందు కాస్త పచ్చిక ఉంటే బాగుంటుందనుకుంటున్నారు. వీరిలో ఎక్కువమంది మట్టితో సహా కోసి తెచ్చే గడ్డి ముక్కలు పరిపిస్తున్నారు. పొద్దున పరిస్తే సాయంత్రానికి నేలంతా పచ్చగా కనిపిస్తుంది. అయితే ఆ పచ్చదనం వెనుక రెండు లెక్కలున్నాయి. ఒకటి మట్టి లెక్క, రెండోది నీటి లెక్క.

పైమట్టి లెక్క

గడ్డి ముక్కకు అడుగున సుమారు ఒక అంగుళం మట్టి అంటుకుని వస్తుంది. ఒక గుంట స్థలంలో, అంటే 121 గజాల్లో లేదా రెండున్నర సెంట్లలో పరవాలంటే దాదాపు రెండున్నర ఘనపు మీటర్ల మట్టి కావాలి. బరువులో అది మూడు టన్నుల పైమాటే. ఎకరం పొలంలో ఒక్కసారి ఇలా కోసి అమ్మితే వంద ఘనపు మీటర్ల పైమట్టి ఊరు దాటుతుంది. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా ముప్పైకి పైగా ట్రాలీలు.

పోయేది ఉత్త మన్ను కాదు. సేంద్రియ పదార్థం, మేలు చేసే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఈ పై పొరలోనే. ఏళ్ల తరబడి మనం డబ్బు పెట్టి వేసిన భాస్వరం పెద్దగా కిందికి దిగదు. అదీ ఇక్కడే ఉంటుంది. అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. కొనేవారికీ ఇందులో చిక్కుంది. ఆ మట్టితోపాటు తుంగ గడ్డలు, కలుపు విత్తనాలు, చెదలు కూడా ఇంట్లోకి వస్తాయి.

నీటి లెక్క

ఎండాకాలంలో లాన్ పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్ల నీరు కావాలి. గుంట స్థలానికి 500 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే గుంట లాన్ దాదాపు నలుగురు మనుషుల నీరు తాగుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పిస్తే పది రోజులకు సరి.

బెంగళూరు నీటి సరఫరా బోర్డు 2024 మార్చిలో తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడకూడదని ఆదేశించి, మీరితే 5,000 రూపాయల జరిమానా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఆదేశం ఇచ్చింది. హైదరాబాద్‌లోనూ వేసవి వస్తే ట్యాంకర్ల బుకింగ్‌లు పెరుగుతున్నాయి. ప్రైవేటు ట్యాంకర్ల నీరు చాలాచోట్ల నగరం చుట్టూ ఉన్న ఊళ్ల బోర్లదే. ఆ బోర్ల పక్కనే మన కూరగాయల మళ్లు ఉన్నాయన్న సంగతి మరిచిపోకూడదు.

అందుకని లాన్ వద్దనడం లేదు. నేలంతా సిమెంటు చేసేదానికన్నా పచ్చిక ఎంతో మేలు. వాన నీరు ఇంకుతుంది, దుమ్ము లేవదు, ఇంటి చుట్టూ వేడి తగ్గుతుంది. ఎంత వేయాలి, ఏ గడ్డి వేయాలి, ఎలా వేయాలి అన్నదే ఆలోచించుకోవాలి.

నడిచే చోటే పచ్చిక

అమెరికాలోని నెవాడా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. లాస్ వెగాస్ ప్రాంతంలో ఎవరూ వాడని, చూపుకు మాత్రమే ఉన్న పచ్చికకు 2027 నుంచి కొలరాడో నది నీరు పెట్టకూడదన్నది దాని సారాంశం. విడి ఇళ్లను అందులో చేర్చలేదు. అందులోని సూత్రం మనకూ పనికొస్తుంది. పిల్లలు ఆడే చోట, సాయంత్రం కుర్చీ వేసుకునే చోట లాన్ వేసుకోండి. మిగతా జాగాలో కరివేపాకు, నిమ్మ, మల్లె లాంటివి పెట్టి, మొదళ్లలో ఎండుటాకులు పరవండి. చాలా ఇళ్లకు పది పదిహేను చదరపు మీటర్లు సరిపోతుంది.

ఏ విత్తనం?

మన ఎండలకు తట్టుకుని, విత్తనంతో బాగా వచ్చేది గరికే. బెర్ముడా గడ్డి పేరుతో అమ్మేది ఇదే. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడే చోటే వేసుకోవాలి. చెట్ల నీడలో ఇది పలచబడిపోతుంది. కొరియన్ గడ్డి, సెలక్షన్ రకాలు కావాలంటే పిలకలు నాటుకోవలసిందే.

ఆన్‌లైన్‌లో అందమైన బొమ్మలతో వచ్చే పొట్లాలతో జాగ్రత్త. రై గడ్డి, ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ చలి దేశాల రకాలు. చలికాలంలో మొలిచి మురిపిస్తాయి, ఏప్రిల్‌కల్లా మాడిపోతాయి. పొట్లం మీద గడ్డి పేరు, మొలక శాతం, శుద్ధత, పరీక్ష చేసిన తేదీ లేకపోతే కొనవద్దు. పొట్టు తీసిన విత్తనం వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. పొట్టుతో ఉన్నది ఇంకా ఆలస్యమవుతుంది.

నేల తయారీ, విత్తే పద్ధతి

జూన్‌లో నేల తయారు చేసుకుని జూలైలో విత్తుకోవడం మంచిది. రాత్రులు చల్లగా ఉండే నవంబరు నుంచి జనవరి వరకు విత్తితే మొలక సరిగా రాదు. ఫిబ్రవరి, మార్చిలో మొలుస్తుంది కానీ లేత గడ్డిని ఎండాకాలం దాటించడానికి నీరు ఎక్కువ పెట్టాలి.

• నేలను 20 సెంటీమీటర్ల లోతు తవ్వి రాళ్లు, ఇటుక ముక్కలు, తుంగ గడ్డలు ఏరివేయాలి. కట్టుబడి సమయంలో పడిన సిమెంటు, సున్నం పెళ్లలు తీసేయాలి.
• చదరపు మీటరుకు 2 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి ఎరువు వేస్తే కలుపు, చెద పురుగు వస్తాయి.
• వాన నీరు ఇంటి గోడవైపు కాకుండా బయటికి పోయేలా కొద్దిపాటి వాలు పెట్టి చదును చేయాలి.
• వెంటనే విత్తవద్దు. నీరు పెట్టి 10 నుంచి 15 రోజులు ఆగితే కలుపు మొలుస్తుంది. దాన్ని పీకేసి, మరోసారి అలాగే చేయాలి. తర్వాత నెలల తరబడి చేసే కలుపు పని దీనితో తప్పుతుంది.
• ఇక్కడ గ్లైఫోసేట్ కొట్టాలనుకోవద్దు. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప దాన్ని వాడరాదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పైగా పిల్లలు తిరిగే చోటు.
• చదరపు మీటరుకు 5 గ్రాముల విత్తనం చాలు, గుంటకు అర కిలో. గింజ చాలా సన్నం కాబట్టి పది రెట్లు పొడి ఇసుక కలిపి రెండు భాగాలు చేయాలి. ఒక భాగం నిలువుగా, రెండోది అడ్డంగా నడుస్తూ చల్లాలి.
• పళ్ల పారతో పైపైన కలిపి, తేలికపాటి రోలరు తిప్పాలి లేదా చెక్క పలకతో అదమాలి. గింజ అర సెంటీమీటరుకు మించి లోతుకు పోకూడదు.
• జోరు వాన సూచన ఉంటే రెండు రోజులు ఆగి విత్తండి, లేకపోతే విత్తనం కొట్టుకుపోతుంది.

మొలిచాక

మొలక వచ్చేవరకు వాన లేని రోజుల్లో రెండు మూడుసార్లు పూలక్యాన్‌తో పైపైన తడపాలి. పైపు ధారగా పెట్టవద్దు. మూడు వారాలయ్యాక తడుల సంఖ్య తగ్గించి, పెట్టినప్పుడు వేర్ల లోతుకు దిగేలా పెట్టాలి. అలా చేస్తేనే వేరు కిందికి పోతుంది. రోజూ కాస్త కాస్త చల్లే లాన్‌కు వేర్లు పైపైనే ఉండి, రెండు రోజులు నీరు లేకపోతే వాడిపోతుంది.

గడ్డి 5, 6 సెంటీమీటర్లు పెరిగాక మొదటి కోత కోయాలి. ఏ కోతలోనూ మూడో వంతుకు మించి తీయకూడదు. నెల తర్వాత చదరపు మీటరుకు 5 గ్రాముల యూరియా, ఆకు మీద తడి లేనప్పుడు చల్లి వెంటనే నీరు పెట్టాలి. పూర్తిగా అల్లుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా తొక్కనివ్వకండి.

వేసవిలో కాస్త ఎత్తుగా కోసి, మూడు నాలుగు రోజులకోసారి తెల్లవారుజామున నీరు పెట్టండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు ఇందుకు పనికొస్తుంది. నీరు చాలక గరిక గోధుమ రంగుకు తిరిగితే చచ్చిపోయిందని తవ్వి పారేయవద్దు. భూమిలో కాండం బతికే ఉంటుంది, తొలకరికి చిగురిస్తుంది. మన నేల గడ్డికి ఉన్న ఈ గుణమే ట్యాంకరు ఖర్చును తప్పిస్తుంది.

ఒక హెచ్చరిక. లాన్‌లో అందమైన గరిక, పొలంలో మొండి కలుపు. పక్కన కూరగాయల మడి ఉంటే మధ్యలో ఇటుకలను 15 సెంటీమీటర్ల లోతుకు నిలబెట్టి, అంచు దాటిన తీగలను ఎప్పటికప్పుడు కోసేయాలి.

లాన్ పెంచి అమ్మే రైతులకు

గడ్డి అమ్మడం మంచి ఆదాయమే. కానీ మట్టి ముక్కలకు బదులు మట్టి దులిపిన పిలకలను అమ్మితే పొలం నిలుస్తుంది, రవాణా బరువూ తగ్గుతుంది. పొలం కౌలుకు ఇచ్చేవారు, ఎంత లోతు మట్టి తీస్తారు, తిరిగి ఏం వేస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆ నేలకు ఏటా మట్టి పరీక్ష చేయించండి. నమూనా తీసే పద్ధతిని తెలంగాణలో రైతు వేదికలో, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు. కౌలు డబ్బు ఏడాదికే సరిపోతుంది, పోయిన పైమట్టి మన పిల్లల కాలానికీ తిరిగి రాదు.