గాలానికొక న్యాయం, వలకొక న్యాయం

అమెరికా సంయుక్త రాష్ట్రాల వాయవ్యమూలన, పసిఫిక్ తీరాన వాషింగ్టన్ అనే రాష్ట్రమొకటి ఉన్నది. దేశ రాజధానికీ దీనికీ పేరొక్కటే గాని వేరు సంబంధం లేదు. ఆ రాష్ట్రపు నదులలో వేడుకకై చేపలు పట్టేవారి నిమిత్తం ప్రభుత్వం ఏటేటా ఒక నియమావళిని ప్రకటిస్తుంది. దానిని తెరచిన తెలుగువానికి బాలవ్యాకరణం జ్ఞాపకం రాక మానదు. ముందొక సామాన్య సూత్రం. దాని కింద ఫలానా నదికి అపవాదం. ఆ నదిలోనే ఫలానా వంతెనకు ఎగువన అపవాదానికి మరొక అపవాదం. ఏ నెలలో పట్టవచ్చు, ఏ నెలలో కూడదు, ఎన్ని పట్టవచ్చు, ఎంత పొడుగువి పట్టవచ్చు, ఎర గుచ్చవచ్చునా లేక ఈకలతో కట్టిన బూటకపు ఈగనే వాడవలెనా, గాలానికి వెనుకముల్లు ఉండవచ్చునా—ఇట్లా సాగుతుంది. చిన్నయసూరి బహుళమని ఒక్క మాటతో తేల్చివేసేచోట ఈ నియమకర్తలు పుటలు నింపివేశారు.

వీటిని చూసి నవ్వడం తేలిక. కాని ఒక్కొక్క నియమం వెనుక ఆ చేపల జీవితచరిత్ర ఉన్నది. సాల్మన్ చేప కొండవాగులో గులకరాళ్ళ నడుమ పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ పెరిగి, గుడ్లు పెట్టే వేళకు తాను పుట్టిన వాగునే వెదకుకొంటూ ఏటికి ఎదురీదుతుంది. వరదకాలంలో గోదావరికి ఎదురెక్కే పులసను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనన్న సామెత పుట్టిన నేలమీద, ఎదురీదే చేపకు ఉండే గిరాకీని గూర్చి వేరే చెప్పనక్కర లేదు. పసిఫిక్ సాల్మన్ జాతులు ఒక్కసారి గుడ్లు పెట్టి మరణిస్తవి. వాటి వెంట అదే దారిన వచ్చే స్టీల్‌హెడ్ అనే చేప రెయిన్‌బో ట్రౌటుకు సముద్రయానం చేసివచ్చిన రూపం. జాతిచేత ట్రౌటు, జీవనంచేత సాల్మన్. గుడ్లు పెట్టిన పిదప కూడా కొన్ని బ్రదికి, సముద్రానికి పోయి, మరల రాగలవు. చాల బలమైన చేప. గాలానికి తగిలినా వెంటనే లొంగదు, ఎగిరిపడుతుంది, దారాన్ని వందల అడుగులు లాగుకొనిపోతుంది. ఆ పెనగులాట కోసమే దాని వెంట ఇంతమంది పడ్డారు.

తప్పని దారిలో, తప్పని వేళకు, గుంపుగా వచ్చే చేప కాబట్టి దానిని నిర్మూలించడం కూడ తేలికే. ఏరు ఇరుకైనచోట ఒడ్డునుంచి ఒడ్డుకు వలకట్టి కొన్ని దినాలు కూర్చుంటే ఆ వాగు సంతతి అంతటితో సరి. కనుక నియమం ఉండవలసినదే. దానిని కాదనేవాడెవడూ లేడు, ఆ నదుల ఆదివాసులు అసలే కాదనరు.

ఇప్పుడు అమలులో ఉన్న నియమాలలో ఒకటి చెప్పుకొనదగినది. హేచరీలలో పొదిగించి విడిచే పిల్లలకు, వీపుమీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వురెక్కను సాధారణంగా ముందే కత్తిరించి పంపుతారు. గాలానికి తగిలిన స్టీల్‌హెడ్‌కు ఆ రెక్క లేకపోతే ఇంటికి తీసుకొనిపోవచ్చు. ఉన్నదా, అది నదిలో సహజంగా పుట్టినది. తిరిగి నీటిలోకే విడువవలె. ప్యూజెట్ సౌండ్ అనే సముద్రశాఖలో కలిసే నదుల స్టీల్‌హెడ్‌ను 2007లో అపాయస్థితిలో ఉన్న జీవుల పట్టికలో చేర్చిన తరువాత ఈ పట్టింపు మరింత సమంజసమైనది. గాయం తగ్గడానికే వెనుకముల్లు లేని గాలం. మంచి నియమాలే. అయితే విడిచిన చేప యావత్తూ బ్రదుకుతుందనుకొనడం మాత్రం వేటగాని ఆత్మసంతృప్తి. పెనగులాటలో అలసి, మొప్పకు గాయమై, చేతుల వేడి తగిలి కొన్ని చస్తవి. నీరు వెచ్చబడిన దినాలలో మరీ ఎక్కువగా చస్తవి. లెక్కలో అది విడిచిన చేపయే. తరువాత దాని గతి ఏమైనదో చూసినవాడు లేడు.

ఈ నియమాల పూర్వచరిత్రలోనికి పోతే అసలు ప్రశ్న ఎదురవుతుంది: చేపను రక్షించడమంటే ఎవరినుంచి, ఎవరికోసం?

1925లో వాషింగ్టన్ శాసనసభ, మంచినీటిలోనికి వచ్చిన స్టీల్‌హెడ్‌ను వినోదవేటకు ప్రత్యేకించిన చేపగా నిర్ణయించినది. గాలంతో పట్టవచ్చు, వలతో పట్టరాదు. చదవడానికి ఇందులో పక్షపాత మేమీ కనబడదు. ధనికుడూ దరిద్రుడూ, తెల్లవాడూ ఆదివాసీ, అందరూ గాలం వేయవచ్చును గదా! కాని ఆ నదులలో తరతరాలుగా వల వేసి కుటుంబాలను పోషించుకొంటున్నవారు ఒక పక్షం. సెలవుదినాన కర్రా, దారమూ పట్టుకొని వచ్చేవారు వేరొక పక్షం. రెండవ పక్షంవారి సాధనాన్నే ధర్మమని నిర్ణయించి, మొదటి పక్షంవారి సాధనాన్ని నేరమని నిర్ణయించిన చట్టం సమానంగా ఉన్నదనడం, కొంగకూ నక్కకూ ఒకే పళ్ళెంలో వడ్డించి సమానంగా పెట్టామనడం వంటిది.

పైగా ఆ వల వెనుక ఒక ఒడంబడిక ఉన్నది. 1854 డిసెంబరు 26న మెడిసిన్ క్రీక్ అనే తావున, నిస్క్వాలీ, పుయాలప్ మున్నగు జాతులచేత గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఒక పత్రంపై గుర్తులు పెట్టించాడు. ఆ పత్రంతో విస్తారమైన భూమి ప్రభుత్వానికి దఖలైనది. దానికి బదులుగా ఆ జాతులు తమకు అట్టిపెట్టుకొన్న వాటిలో ముఖ్యమైనది, తాము అలవాటుగా చేపలు పట్టే తావులన్నింటిలోను ఆ ప్రాంతపు పౌరులందరితో పాటు ఉమ్మడిగా చేపలు పట్టుకొనే హక్కు.

ఈ ‘ఉమ్మడిగా’ అన్న మాట చుట్టూ నూరేళ్ళకు పైగా వ్యాజ్యం నడిచినది. భాషతో పని ఉన్నవారికి ఇంతకంటె ఆలోచింపదగిన ఉదాహరణ దొరకడం అరుదు. ఒడంబడికను వ్రాసినది ఇంగ్లీషులో. దానిని ఆ జాతులకు వివరించినది చినూకు జార్గన్ అనే బేరసారాల మాటలలో. సుమారు మూడువందల పదాలు గల ఆ సంకరభాషలో ఉన్నిబట్టకూ తుపాకికీ ధర చెప్పవచ్చును గాని, స్వత్వానికీ అనుభోగానికీ గల భేదాన్ని చెప్పడం సాధ్యమా? గుర్తు పెట్టినవారికి తెలిసిన దొక్కటే: భూమి పోయినా చేప మిగులుతుందని. రాష్ట్ర ప్రభుత్వం తరువాతి కాలంలో చెప్పిన అర్థం వేరు. ఉమ్మడి అంటే మిగిలిన పౌరులకు ఏ నియమమో మీకూ ఆ నియమమే అన్నది. ఈ వ్యాఖ్యానమే నిజమైతే ఆ జాతులు అంత భూమినిచ్చి పుచ్చుకొన్నది ఏమిటి? ఎవరికైనా ఉండే అనుమతినే వారు కొనుక్కొన్నట్లు అవుతుంది.

ఈ వ్యాఖ్యాన భేదానికి మూల్యం చెల్లించినది నిస్క్వాలీ నది ఒడ్డున ఉన్నవారు. బిల్లీ ఫ్రాంక్ జూనియర్ 1945లో, పదునాలుగేళ్ళ వయస్సులో, వల వేసినందుకు మొదటిసారి అరెస్టయ్యారు. ఆ పిదప యాభై పర్యాయాలకు పైగా అయ్యారు. 1964 మార్చిలో సినిమా నటుడు మార్లన్ బ్రాండో పుయాలప్ నదిలో వారితో కలిసి చేప పట్టి తానూ అరెస్టయినప్పుడు పత్రికలవారు ఒక్కసారిగా అటు తిరిగారు. ప్రసిద్ధుడు వస్తేనేగాని ఒడ్డున ఉన్నవారు కంటికి ఆనరు. ఇది ఆ దేశానికే ప్రత్యేకమైన దోషం కాదు. 1970 సెప్టెంబరులో పుయాలప్ ఒడ్డున వేసుకొన్న శిబిరంపై పోలీసులు బాష్పవాయువు ప్రయోగించి, పిల్లలతో సహా అరవైమంది వరకు నిర్బంధించారు. అదే నెలలో కేంద్రప్రభుత్వం ఆ జాతుల పక్షాన రాష్ట్రంపై దావా వేసినది.

ఆ దావా తేలకముందే, 1973లో, అమెరికా సుప్రీంకోర్టు పుయాలప్ వ్యాజ్యంలో అసలు కీలు పట్టుకొన్నది. వలను పూర్తిగా నిషేధించి గాలాన్ని అనుమతించడమంటే నదికి వచ్చే స్టీల్‌హెడ్‌ను అంతటినీ వినోదవేటగాండ్రకు ఇచ్చివేయడమేనని, ఇది ఆ జాతిపట్ల వివక్ష అని జస్టిస్ డగ్లస్ నిర్ణయించారు. అదే తీర్పులో, ఒడంబడిక ఉన్నది గదా అని చివరి చేపను సైతం వెంటాడి వలలో వేసుకొనే స్వేచ్ఛ ఎవరికీ లేదని కూడ స్పష్టం చేశారు. నియమం ఉండవలె, దాని బరువు రెండు భుజాలమీదా పడవలె. ఆ తరువాత 1974 ఫిబ్రవరి 12న జిల్లా న్యాయమూర్తి జార్జి బోల్ట్ పెద్ద దావాలో తీర్పు చెప్పారు. సంతతి నిలవడానికి కావలసిన చేపలను ముందు నదికి విడిచి, పట్టదగినదిగా మిగిలిన దానిలో సగం వరకు ఆ జాతులకు చెందుతుందన్నారు. ‘ఉమ్మడి’కి ఆయన చెప్పిన అర్థం సమభాగం. అప్పటికి ఆ జాతులకు దక్కుతున్నది నూటికి ఐదు కూడ లేదు. బోల్ట్ దిష్టిబొమ్మను ఉరితీశారు. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ప్రధానాంశాలలో స్థిరపరచినది.

గాలగాండ్ర పక్షాన చెప్పవలసినది లేకపోలేదు. లైసెన్సు రుసుము చెల్లించినవారు వారు. హేచరీలలో స్టీల్‌హెడ్‌ను పెంచినది చాలభాగం ఆ సొమ్ముతోనే. ‘మా ధనంతో పుట్టిన చేపను వారు వలతో ఎత్తుకొనిపోవడమేమిటి?’ అన్నది వారి ప్రశ్న. 1984లో ఆదివాసుల చేపల హక్కుకు వ్యతిరేకంగా ప్రజాభిప్రాయ సేకరణలో ఒక ప్రతిపాదనను నెగ్గించుకొన్నారు కూడ. ఒడంబడిక ముందు దానికి విలువ లేకపోయినది. వారి ప్రశ్నకు 1980లో జిల్లా న్యాయమూర్తి ఆరిక్, 1985లో పైకోర్టు ఇచ్చిన సమాధానం సరియైనదే: సహజసంతతి క్షీణించినందుకే హేచరీ కావలసివచ్చినది, పోయిన దాని స్థానంలో పెట్టిన చేపకు పోయిన చేప హక్కుదారులే హక్కుదారులు. పాడిఆవును పోగొట్టినవాడు దూడను తోలుకొనివచ్చి, దీని మేతకు ఖర్చు నాది, పాలు నావి అంటే ఏ పంచాయతీ ఒప్పుకొంటుంది?

వేడుకవేటకే చేపను ప్రత్యేకించడమనే ఈ ఆచారం ఇంగ్లీషువారు పోయినచోట్ల కెల్లా పోయినది. కోస్తా జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న దినాలలోనే, 1879లో, నీలగిరులలో వేటమృగాలకూ చేపలకూ రక్షణగా ఒక శాసనం పుట్టినది. ఆ కొండవాగులలో ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో స్థిరపడిన రెయిన్‌బో ట్రౌటు ఈ స్టీల్‌హెడ్‌కు సాక్షాత్తు సోదరుడే, సముద్రం చూడనివాడు. అక్కడ లేని చేపను తెచ్చుకొని వినోదించారు. వాషింగ్టన్‌లో ఉన్న చేపనే వినోదానికి మార్చివేశారు. ఈ రెండవది తీవ్రమైనది.

చేప కొరవడిన సంవత్సరంలో త్యాగం ఎవరినుంచి ప్రారంభం కావలె అన్నదే విషయం. వినోదం ముందు తగ్గవలె. విడిచిపెడతాము గనుక వేటాడతామన్న సమాధానం కొంతవరకే చెల్లుతుంది. చేప చాల తక్కువైనచోట పట్టి విడవడంకన్న పట్టకపోవడమే మేలు. జీవనానికీ, పితృక్రమాగతమైన విధులకూ వేసే వల ఆ తరువాత తగ్గవలె. అయితే వీరిద్దరికంటె ముందు తగ్గవలసినవారు మరొకరు ఉన్నారు. గాలమూ వలా ఒకదానినొకటి నిందించుకొంటున్న యాభై ఏళ్ళూ వారు నియమాల పుస్తకంలో కనబడనే లేదు.

ఎల్వా నదిపై 1913లో ఒక ఆనకట్ట పూర్తయినది. చేపలు పోయే నదులమీది ఆనకట్టలకు చేపలదారి ఉండవలెనని 1890 నాటికే వాషింగ్టన్‌లో చట్టం ఉన్నది. ఆ ఆనకట్టకు దారి పెట్టలేదు. బదులుగా హేచరీ కడతామన్నారు, కట్టారు, 1922లో మూసివేశారు. వల వేసిన పదునాలుగేళ్ళ బాలునికి వర్తించిన చట్టం సిమెంటు గోడకు వర్తించలేదు. ఎదురీదివచ్చిన సాల్మన్, స్టీల్‌హెడ్ కడపటి ఐదు మైళ్ళలోపలే నిలిచిపోయినవి. పై ఎత్తున 1927 నాటికి రెండవ ఆనకట్ట వచ్చినది. రోడ్ల కింది తూముల సంగతీ ఇంతే: ఎత్తుగా వేసిన గొట్టంలోనికి ఎగరలేక, అందులోని వడికి ఈదలేక చేప తిరిగిపోతుంది. ఒడంబడిక హక్కు అంటే చేప రావడానికి దారి కూడ అని ఆ జాతులు 2001లో దావా వేసినవి. తూములను సరిచేయమన్న ఉత్తర్వు 2013లో వెలువడినది. 2018 జూన్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు కావడంతో అదే నిలిచినది. గడువు 2030. రాష్ట్రం ఇప్పుడు ఖర్చు ఎక్కువని వాపోతున్నది; గొట్టం వేసిన దినాన చవక అనిపించినందుకు ఇది వడ్డీ.

వలగాండ్ర శిక్షల సంగతి కూడ చివరకు శాసనసభ పట్టించుకొన్నది. 1975కు పూర్వం పడిన ఆ శిక్షలను కోర్టులు రద్దు చేయడానికి వీలుగా 2014లో చట్టం చేసినది. బిల్లీ ఫ్రాంక్ ఆ సంవత్సరమే మే నెలలో మరణించారు.

ఎల్వామీది రెండు ఆనకట్టలను 2011 సెప్టెంబరులో మొదలుపెట్టి 2014కు తొలగించివేశారు. చేప కోలుకొనేవరకు నదిలో వేటను అందరికీ నిలిపివేశారు. గాలానికీ, వలకూ, వినోదానికీ, ఆకలికీ. ఎల్వా క్లాలమ్ జాతివారు తమ ఒడంబడిక హక్కును చేతిలో పెట్టుకొని కూడ పన్నెండేళ్ళు ఒడ్డున కూర్చున్నారు. 2023 అక్టోబరులో కోహో సాల్మన్‌కు మాత్రం, కొద్ది సంఖ్యలో, ఇంటి వంటకూ సంప్రదాయవిధులకూ పట్టుకొనడానికి మొదటిసారి నది తెరిచారు. వినోదవేటకు అప్పుడు తెరవలేదు.