కారులో రంగు దీపాలు

కారులో రంగు దీపాలు పెట్టుకోవాలని ముచ్చటగా ఉందా? మీరే పెట్టేసుకోవచ్చు. 12 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీ ఒక మీటరు చాలు. కత్తెర గుర్తున్న చోటే కత్తిరించండి. అతికించేచోట జిడ్డు లేకుండా తుడవండి, లేకపోతే మన ఎండలకు ఊడి వేలాడుతుంది.

అసలు సంగతంతా వైరింగులోనే ఉంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగకు కలపండి. లేదంటే రాత్రంతా వెలిగి, బ్యాటరీ ఛార్జి తగ్గిపోతుంది. పట్టీ వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు తెలుస్తాయి. 4.8 వాట్లయితే 0.4 ఆంపియరే! దానికి 1 ఆంపియరు ఫ్యూజు, కలిపిన చోటుకి దగ్గర్లోనే వేయండి. ఫ్యూజు లేకుండా తీగ రేకుకి ఒరుసుకుంటే మంటలే. ఎయిర్‌బ్యాగుల వైపు తీగలు అసలు పోనివ్వకండి.

కాళ్లదగ్గర, సీట్లకింద అయితే అందం. డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దండీ. రాత్రిపూట ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ వెళ్తుంటే ఆ వెలుగు ముందద్దంలో మెరిసి, లైట్లులేని ట్రాక్టరు కంటికి ఆనదు.