మన గురించి రాసిన పుస్తకాలు మనమే చదవకపోతే ఎలా?

పిల్లలూ! మీ అమ్మానాన్నలు మీరు పుట్టిన దేశానికి ఎలా వచ్చారు? మీలో కొందరు నేర్చుకుంటున్న కూచిపూడిని మొదట్లో ఎవరు ఆడేవాళ్ళు? తెలుగుని మనం "మాతృభాష" అని ఎప్పటినుంచి అంటున్నాం? ఇలాంటి ప్రశ్నల మీద ప్రిన్స్‌టన్, కాలిఫోర్నియా, ఇండియానా లాంటి విశ్వవిద్యాలయాల ప్రచురణ సంస్థలు పుస్తకాలు అచ్చువేశాయి. వాటిని ప్రొఫెసర్లు చదువుతారు. వాళ్ళ దగ్గర చదువుకునే పెద్ద విద్యార్థులు చదువుతారు. ఆ పుస్తకాలు ఎవరి గురించి రాశారో వాళ్ళ ఇళ్ళల్లో మాత్రం చాలామందికి అలాంటి పుస్తకం ఒకటుందనే తెలియదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. హైస్కూల్‌కి వచ్చిన ప్రతి తెలుగు అమ్మాయీ, అబ్బాయీ ఏడాదికి ఒక్కటైనా ఇలాంటి పుస్తకం తెరవాలి. మొత్తం చదవక్కర్లేదు, ఒక అధ్యాయం చాలు. చదివింది ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పాలి. ఈ రెండో పనికి మీ అంత తగినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎందుకో చూడండి.

ఇవి ఏ రకం పుస్తకాలు?

వీటిని పరిశోధన గ్రంథాలు అంటారు. చరిత్ర, భాష, కళలు, చదువు, సమాజం లాంటి విషయాల మీద ఒక మనిషి కొన్నేళ్ళపాటు పనిచేసి రాసేవి. పాత కాగితాలు వెతుకుతారు, ఊళ్ళు తిరుగుతారు, మనుషులతో మాట్లాడతారు. రాసిన తర్వాత వెంటనే అచ్చుకి వెళ్ళదు. అదే విషయం తెలిసిన వేరే పండితులు చదివి, "ఇక్కడ నీ దగ్గర ఆధారం లేదు", "ఇది ఇంకోసారి చూసుకో" అని చెప్తారు. ప్రతి సంగతీ ఎక్కడినుంచి తెలిసిందో రచయిత చూపించాలి.

దీన్ని మన వాట్సాప్ గ్రూపులో వచ్చే సందేశంతో పోల్చి చూడండి. "ప్రపంచంలో అన్నిటికంటే గొప్ప భాష తెలుగు అని శాస్త్రవేత్తలు తేల్చారు" అని ఒకటి వస్తుంది. ఏ శాస్త్రవేత్త? ఎప్పుడు? ఎలా తేల్చారు? అడిగితే పంపిన బాబాయికీ తెలియదు. పొగడ్త బాగానే ఉంటుంది, కానీ దానివల్ల మనకి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. పైగా బళ్ళో స్నేహితుడు "నిజమా?" అని అడిగితే జవాబు చెప్పలేక ఇబ్బంది పడతాం.

మాతృభాష అనే మాట

మీలో చాలామంది ఈ మాట వినే ఉంటారు: "తెలుగు నీ మాతృభాష. అది రాకపోతే సిగ్గుచేటు." విన్నప్పుడు మనసులో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది కదా?

లీసా మిచెల్ అనే అమెరికన్ పండితురాలు 2009లో ఒక పుస్తకం ప్రచురించారు. దాని పేరు "లాంగ్వేజ్, ఎమోషన్, అండ్ పాలిటిక్స్ ఇన్ సౌత్ ఇండియా". 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఒక భాష కోసం మనిషి ప్రాణం ఇచ్చేంత ప్రేమ ఎలా పుట్టింది? మిచెల్ అడిగిన ప్రశ్న ఇదే.

ఆవిడ చెప్పిన జవాబు వింటే చాలామంది పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. భాషని తల్లిగా చూడటం, "నేను ఈ భాష మనిషిని" అనుకోవడం మరీ పాత అలవాటు కాదట. పంతొమ్మిదో శతాబ్దంలో బడి పుస్తకాలు, నిఘంటువులు, వ్యాకరణాలు, అచ్చుయంత్రాలు పెరిగిన కొద్దీ ఆ భావన కూడా పెరిగిందట. అంతకుముందు దక్షిణ భారతంలో చదువుకున్నవాళ్ళు ఒక్కో పనికి ఒక్కో భాష వాడేవాళ్ళు. పూజకి ఒకటి, దర్బారు కాగితాలకి ఒకటి, లెక్కలకి ఒకటి, పాటకి ఒకటి. త్యాగరాజుగారినే తీసుకోండి. ఆయన ఉన్నది తమిళ దేశంలో, తంజావూరు దగ్గర. పాడింది తెలుగులో. చుట్టూ ఉన్న తమిళులు ఆ పాటల్ని తమవిగానే పాడుకున్నారు, ఇప్పటికీ పాడుకుంటున్నారు.

ఇప్పుడు మీ సంగతి ఆలోచించండి. బళ్ళో ఇంగ్లీషో మలయ్ భాషో, అమ్మమ్మతో తెలుగు, పక్కింటివాళ్ళతో ఇంకోటి. పనికో భాష వాడుతున్నందుకు మిమ్మల్ని ఎవరైనా "సగం తెలుగువాళ్ళు" అంటే, ఒకప్పుడు మన తెలుగు దేశంలోనే అలా బతికిన పండితులు ఉన్నారని మీరు జవాబు చెప్పొచ్చు. అలాగని తెలుగు నేర్చుకోవడం మానెయ్యమని నేను అనడం లేదు. సిగ్గుతో నేర్చుకున్న భాష ఎక్కువ కాలం నిలవదు. ఇష్టంతో నేర్చుకుంటే నిలుస్తుంది. ఆ పుస్తకం నాకు కనిపించిన మేలు అదే, ఆ సిగ్గుని అది తీసేస్తుంది.

అమ్మానాన్నల ఉద్యోగాలు

షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు 2007లో "గ్లోబల్ బాడీ షాపింగ్" అనే పుస్తకం రాశారు. ఆయన హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తిరిగి, కంప్యూటర్ ఉద్యోగాల కోసం దేశాలు దాటిన ఆంధ్ర కుర్రాళ్ళ జీవితాల్ని దగ్గరనుంచి చూశారు.

"బాడీ షాపింగ్" అంటే ఏమిటంటే, ఒక ఏజెంటు ఇండియాలో మనుషుల్ని తీసుకుని, వీసా ఇప్పించి, వేరే దేశంలో పని అవసరమైన కంపెనీకి పంపిస్తాడు. జీతంలో కొంత తన దగ్గర ఉంచుకుంటాడు. పని దొరికితే సరే. దొరకకపోతే ఆ మనిషి "బెంచ్ మీద" ఉంటాడు. అంటే వీసా ఉంటుంది, అద్దె కట్టాలి, ఇంటికి ఫోన్ చేస్తే "బాగున్నాను" అని చెప్పాలి, చేతికి మాత్రం జీతం సరిగా రాదు. ఇంకో సంగతి కూడా షియాంగ్ రాశారు. ఈ కుర్రాళ్ళ చదువుకీ ప్రయాణానికీ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? పొలం మీద వచ్చిన ఆదాయం, కట్నం డబ్బు. అంటే సిడ్నీలో కంపెనీ లాభం వెనక, కృష్ణా గోదావరి జిల్లాల్లో ఎవరో ఆడపిల్ల తండ్రి చేసిన అప్పు కూడా ఉండొచ్చు.

మరి అమ్మల సంగతి? ఏమీ భట్ అనే పరిశోధకురాలు 2018లో "హై-టెక్ హౌస్‌వైవ్స్" అనే పుస్తకం ప్రచురించారు. అమెరికాలో సియాటిల్ ప్రాంతంలోని భారతీయ కుటుంబాల గురించి. భర్త హెచ్-1బి వీసా మీద వస్తే, భార్యకి హెచ్-4 వీసా ఇస్తారు. ఆ వీసా మీద చాలాకాలం ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. 2015లో నియమం మారి, భర్త గ్రీన్ కార్డు పని ఒక దశ దాటితే భార్య ఉద్యోగం చేసుకోవచ్చన్నారు. అంతవరకూ ఇంజినీరింగ్ చదివినవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళు ఇంట్లో ఉండిపోయారు. మీ అమ్మ మీకు లంచ్ బాక్స్ కట్టిన ఏళ్ళల్లో ఆమె తన మనసులో ఏం దాచుకుందో మీకు తెలుసా? చాలామంది పిల్లలకి తెలియదు. అడగరు కాబట్టి అమ్మలు చెప్పరు.

మీరు దక్షిణాఫ్రికాలోనో మారిషస్‌లోనో ఉంటే మీ కథ ఇంకా పాతది. 1860 నవంబరులో మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన భారతీయులతో అక్కడికి చేరిన మొదటి ఓడ అది. తర్వాత ఎన్నో ఓడలు వెళ్ళాయి. ఆ ఓడల పట్టీల్లో ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాసుకున్నారు. ఆశ్విన్ దేశాయ్, గులామ్ వహేద్ కలిసి రాసిన "ఇన్‌సైడ్ ఇండియన్ ఇండెంచర్" 2010లో వచ్చింది. అందులో ఆ మనుషులు వట్టి అంకెల్లా కాకుండా, పేరూ కోపమూ ఆశా ఉన్న మనుషుల్లా కనిపిస్తారు.

కూచిపూడి ఎవరిది?

కూచిపూడి అనేది కృష్ణా జిల్లాలో ఒక ఊరి పేరు కూడా. ఆ ఊళ్ళో తరతరాలుగా కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే ఈ నాట్యం ఆడేవాళ్ళు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు. దాన్నే స్త్రీ వేషం అంటారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ ఎన్నో చోట్ల నుంచి వచ్చిన అమ్మాయిలు నేర్చుకున్నారు. ఈరోజు మీ డాన్స్ క్లాసులో అబ్బాయిలు ఎంతమంది? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

హర్షిత కామత్ 2019లో రాసిన "ఇంపర్సొనేషన్స్" అనే పుస్తకం ఈ మార్పు గురించే. స్త్రీ వేషం కట్టడం వల్ల ఆ మగవాళ్ళకి ఎలాంటి గౌరవం దక్కింది, అది ఇప్పుడు ఎందుకు తగ్గుతోంది అని ఆవిడ అడిగారు. అంతటితో ఆగలేదు. ఆ కుటుంబాల్లోనే పుట్టి, చిన్నప్పటినుంచి తాళం వింటూ పెరిగి, నాట్యం చెయ్యాలని ఆశ ఉన్నా చెయ్యలేకపోయిన ఆడవాళ్ళ మాటలు కూడా విన్నారు. ఏటా అరంగేట్రాలకి ఎంతో డబ్బు ఖర్చుపెడతాం. ఈ కథ తెలియకుండా గజ్జె కట్టడం నాకు లోటుగానే అనిపిస్తుంది. ఈ పుస్తకాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది.

"కష్టం కదా!" అంటారా?

అవును, కష్టమే. ఈ పుస్తకాల్లో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. కొన్ని మాటలు మీ టీచర్లకి కూడా కొత్తే. ధర కూడా ఎక్కువ. కానీ కొనక్కర్లేదు, లైబ్రరీలో అడిగితే వేరే ఊరి లైబ్రరీ నుంచి అయినా తెప్పిస్తారు. ముందు పరిచయం చదవండి. తర్వాత చివరి పేజీల్లో ఉండే పదసూచిక తెరిచి మీకు తెలిసిన పేరు వెతకండి. మీ ఊరు, మీకు తెలిసిన పండగ, మీ తాతగారు చెప్పిన మాట. అది ఏ పేజీలో ఉంటే అక్కడ మొదలుపెట్టండి.

"మన గురించి బయటివాళ్ళు రాయడం ఏమిటి?" అని కొందరు పెద్దలు చిరాకు పడతారు. ఆ చిరాకులో కొంత న్యాయం ఉంది. ఏ పుస్తకమైనా కొన్ని ఊళ్ళనీ, కొన్ని ఇళ్ళనీ చూసి రాసిందే. రచయిత వినని మాటలు చాలా ఉంటాయి. అయితే దానికి మందు పుస్తకం మూసెయ్యడం కాదు, జవాబు చెప్పడం. జవాబు ఎవరు చెప్పాలి? పుస్తకం ఇంగ్లీషులో ఉంది. సంగతి తెలిసిన నాయనమ్మకి తెలుగే వచ్చు. పుస్తకం రాసినవాళ్ళకి నాయనమ్మ దొరకదు, నాయనమ్మకి పుస్తకం అందదు. ఆ రెండిటి మధ్యా నిలబడగలిగింది మీరే. మీకు రెండు భాషలూ వచ్చు. ఒకటి కొంచెం తడబడుతూ వచ్చినా ఫర్వాలేదు, ఆవిడ సర్దుకుంటుంది.

ఈ పని తొందరగా చెయ్యాలి కూడా. అఫ్సర్ మహమ్మద్‌గారు తెలుగు కవి. అమెరికాలో పాఠాలు చెప్తారు. 1948లో హైదరాబాదు సంస్థానంలో జరిగిన పోలీసు చర్య గురించి, అప్పటి ముస్లింల గురించి ఆయన రాసిన పుస్తకం 2023లో వచ్చింది. ఆ రోజులు చూసినవాళ్ళ జ్ఞాపకాలు విని రాసిన పుస్తకం అది. అప్పుడు పదేళ్ళున్న పిల్లలకి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఇంకొన్నేళ్ళు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు. అచ్చులో ఏది ఉంటే అదే మిగులుతుంది, అది సగమే అయినా సరే.

అందుకని వచ్చే సెలవుల్లో ఒక పుస్తకం ఎంచుకోండి. ఒక అధ్యాయం చదవండి. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఈ పుస్తకంలో ఇలా రాశారు, మీ ఊళ్ళో కూడా ఇలాగే ఉండేదా?" అని అడగండి. ఆవిడ "అదేం కాదు నాన్నా, మా ఊళ్ళో వేరేలా ఉండేది" అంటే సంతోషించండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు ఉన్నారు అని అడిగి రాసుకోండి. తేదీ వెయ్యండి. బాధ కలిగించే విషయం అయితే బలవంతపెట్టకండి, ఇంకో రోజు అడగొచ్చు. ఈ పుస్తకాలు రాసినవాళ్ళు కూడా ఇలాంటి నోటుపుస్తకాలతోనే మొదలుపెట్టారు.

ఆలోచించి చెప్పండి

1. "మాతృభాష అనే భావన కొత్తది" అనే మాటతో మీరు ఒప్పుకుంటారా? మీ ఇంట్లో ఏ పనికి ఏ భాష వాడతారో ఒక పట్టిక రాయండి.

2. మీ అమ్మనో నాన్ననో అడగండి: ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచింది? వాళ్ళు చెప్పింది పది వాక్యాల్లో రాయండి.

3. ఒక సమాజం గురించి బయటివాళ్ళు రాస్తే మంచిదా, లోపలివాళ్ళు రాస్తే మంచిదా? రెండు వైపుల నుంచీ ఒక్కో కారణం చెప్పండి.

4. ఈ వ్యాసంలో మీకు నచ్చని అభిప్రాయం ఒకటి ఎంచుకుని, ఎందుకు నచ్చలేదో మీ టీచరుకి తెలుగులో వివరించండి.