పురుటికి వెళ్లే అమ్మకూ ఒక ఫైలు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఇప్పుడు అమెరికాలో ఉన్న కూతురు పుట్టింటికి రాలేకపోతోంది. పుట్టిల్లే విమానమెక్కి డల్లాస్‌కో, న్యూజెర్సీకో వెళ్తోంది. ఆవకాయ, శొంఠిపొడి, మెత్తని పాత నూలు చీరలు సర్దుకుని బయల్దేరే అరవయ్యేళ్ల అమ్మను మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చూసే ఉంటారు.

ఆమె వెళ్లేది షికారుకు కాదు. మన దేశ చట్టం మొదటి రెండు కాన్పులకు జీతంతో కూడిన 26 వారాల సెలవు ఇస్తోంది. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి జాతీయ చట్టం లేదు. 1993 నాటి చట్టం అర్హులైన వారికి 12 వారాల సెలవిస్తుంది, అదీ జీతం లేకుండా. కొన్ని రాష్ట్రాలు, కంపెనీలు అంతకంటే మెరుగ్గా ఇస్తున్నా, బాలింత త్వరగా పనిలో చేరక తప్పని ఇళ్లు ఎన్నో. ఆ లోటు పూడ్చేది అమ్మే.

కానీ అమ్మకూ బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, మోకాళ్ల నొప్పులుంటాయి. కూతురి స్కానింగ్ రిపోర్టులు వాట్సాప్‌లో ఇంటిల్లిపాదీ చూస్తాం. అమ్మ రక్తపరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయిందో ఎవరైనా అడిగామా?

అసలు చిక్కు లెక్కలో ఉంది. విజిటర్ వీసాపై వెళ్లినవారిని సాధారణంగా ఆర్నెల్ల వరకు ఉండనిస్తారు. వెంట తీసుకెళ్లే మందులు మాత్రం మూడు నెలలకు మించకూడదన్నది అక్కడి సూచన. అవి అయిపోతే మన డాక్టరు చీటీకి అక్కడి షాపులో సాధారణంగా మందులివ్వరు. అక్కడి డాక్టరుకు చూపించుకోవాలి. చాలా ట్రావెల్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకు వర్తించవు. ఆ ఫీజు వినగానే అమ్మ నోరు మెదపదు. రోజూ వేసుకోవాల్సిన మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటుంది. పైగా పసిబిడ్డతో రాత్రి జాగారం. అదుపులో ఉన్న బీపీ, షుగర్ దారి తప్పేది ఇలాగే.

అందుకే ప్రయాణానికి నెల ముందే అమ్మను డాక్టరుకు చూపించండి. జబ్బులు, మందుల జనరిక్ పేర్లు, మోతాదులతో ఉత్తరం రాయించి ఫైల్లో పెట్టండి. టైం మారుతుంది కాబట్టి ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో అడగండి. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు కోరింత దగ్గు టీకా వేయించండి. ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. విమానంలో అప్పుడప్పుడూ లేచి నడవమని, కాలి పిక్కలు కదిలించమని చెప్పండి.

అక్కడున్న కూతుళ్లూ, కొడుకులూ, అల్లుళ్లూ, కోడళ్లూ! కాన్పు ఖర్చులు లెక్కేసేటప్పుడే అమ్మ డాక్టరు ఖర్చూ అందులో రాసుకోండి. మూడో నెల రాకముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. రాత్రి బిడ్డను ఎత్తుకునే వంతు మీరూ పంచుకోండి. వారానికోసారి అమ్మ మాత్రల డబ్బా తెరిచి, ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి. ఆమె అడిగితే చెప్పదు.