బిగ్ స్టార్: నలుగురు, ముగ్గురు, ఇద్దరు

ఓడిపోయిన కళాకారుణ్ణి నెత్తిన పెట్టుకొనే అలవాటు మన సాహితీలోకానికే పరిమితం కాదు. అమెరికాలోని మెంఫిస్ నగరానికి చెందిన బిగ్ స్టార్ బృందం గురించి ఏ వ్యాసం తెరిచినా ఒకటే కథ: అద్భుతంగా పాడారు, ఎవరూ కొనలేదు, ఆ దుఃఖంతో సంగీతమే పగిలిపోయింది. మొదటి రెండు ముక్కలూ దాదాపు నిజమే. నా పేచీ మూడవదానితో.

పవర్ పాప్ అన్న మాటను 1967లోనే ది హూ బృందపు పీట్ టౌన్షెండ్ వాడాడు. మూడు నిమిషాల పాట, నోట నిలిచిపోయే వరస, కలగలిసే గొంతులు, వాటి కింద ఒళ్ళు దాచుకోని గిటారూ డ్రమ్ములూ, స్థూలంగా అంతే. మెంఫిస్ అందుకు అనువైన నేల కాదు. అది స్టాక్స్ సంస్థ ఊరు, ఓటిస్ రెడింగ్ పాడిన సోల్ సంగీతపు ఊరు. అటువంటిచోట 1971లో నలుగురు కుర్రాళ్ళు ఆర్డెంట్ స్టూడియోలో చేరి బీటిల్స్‌ను కలగన్నారు. బృందానికి పెట్టుకొన్న పేరు దగ్గరలోని పచారీ దుకాణానిది! వారిలో అలెక్స్ చిల్టన్ 1967లో, పదహారేళ్ళ వయసులో, బాక్స్ టాప్స్ తరఫున 'ది లెటర్' పాడి దేశమంతటా మొదటి స్థానం అందుకొన్నవాడు. అప్పటిది గరగరలాడే పెద్దవాడి గొంతు. బిగ్ స్టార్‌లో అదే మనిషి పలుచని, లేత గొంతుతో వినిపిస్తాడు. ఏది అసలు గొంతో తేల్చడం కష్టం.

1972 నాటి 'నంబర్ వన్ రికార్డ్' ప్రధానంగా క్రిస్ బెల్ చెక్కిన శిల్పం. గొంతు మీద గొంతు, గిటారు మీద గిటారు. విమర్శకులు మెచ్చారు గాని పంపిణీ కుంటుపడి దుకాణాలకు సరుకే సరిగా చేరలేదు. సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేయించి కట్టలను అటకెక్కించినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా!

ఆ ఏడాది చివర బెల్ వెళ్ళిపోయాడు. ముగ్గురే మిగిలి చేసినది 1974లో వచ్చిన 'రేడియో సిటీ'. పొరలన్నీ రాలిపోయాయి. గిటారు గరుకుగా, తెగి తెగి పలుకుతుంది. డ్రమ్ముల చుట్టూ గాలి ఆడుతుంది. ఓటమే సంగీతాన్ని కుంగదీసేదైతే ముందు కుంగవలసినది ఇదే కదా? నా మటుకు నాకు వీరి రికార్డులలో ఇంత ఉల్లాసమైనది మరొకటి లేదు. స్టాక్స్, కొలంబియా సంస్థల తగవులో ఇదీ మునిగింది, అది వేరే మాట.

తరువాత ఆండీ హమ్మెల్ కళాశాల చదువు పూర్తిచేయడానికి తప్పుకొన్నాడు. చిల్టన్, జోడీ స్టీఫెన్స్ ఇద్దరే మిగిలారు. నిర్మాత జిమ్ డికిన్సన్‌తో 1974లో మొదలైన మూడవ ఆల్బములో తీగవాద్యాలు, మౌనాలు, నడక తప్పిన తాళాలు. 1978 దాకా అది విడుదలే కాలేదు. దానిలోని విషాదాన్ని నేను కాదనను. అయితే నలుగురి గొంతులు మోయవలసిన వరసలను ఒక్కడు మోసినప్పుడు పుట్టే శూన్యం అది. అమ్మకాల లెక్కలతో దానిని కొలవలేము.

ఓటమి కథను పూజించడంలో ఎక్కువగా నష్టపోయినవాడు బెల్. 1978 డిసెంబరులో, ఇరవై ఏడేళ్ళకే, కారు ప్రమాదంలో మరణించాడు. అతని సొంత పాటల ఆల్బము 'ఐ యామ్ ద కాస్మాస్' 1992లో గాని వెలుగు చూడలేదు. బిగ్ స్టార్ వినదలచినవారు ముందు రెండవ ఆల్బము వినండి, ఆ వెంటనే దీనిని వినండి. రేడియో సిటీలో రాలిపోయిన పొరలు ఎవరివో చెవికే తెలుస్తుంది.