ఇంజనుని తిట్టకండి బాబూ!

అల్ ఖోర్‌లో నా దగ్గరికొచ్చే ఫిర్యాదు దాదాపు ఒక్కటే. సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములో వీ8 జావాస్క్రిప్టు ఇంజనుని ఇముడ్చుకుంటారు, అది నెమ్మదించగానే "ఆప్టిమైజర్ ఆపేద్దాం" అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

ఒకచోట పేరు ముందు, మరోచోట వయసు ముందు రాస్తే ఇంజనుకి అవి రెండు వేర్వేరు ఆకారాలు. ఊహించని ఆకారం ఎదురైతే ఆప్టిమైజ్ చేసిన కోడుని పారేయక ఏం చేస్తుంది? ఎక్కడ, ఎందుకు పారేసిందో 'ట్రేస్ డీఆప్ట్' ఫ్లాగు పెడితే అదే చెబుతుంది. చూసేదెవరు?

మెమరీ సంగతీ అంతే. పర్సిస్టెంట్ హ్యాండిల్‌ని రీసెట్ చెయ్యకుండా మనమే పట్టుకు కూర్చుంటే, గార్బేజ్ కలెక్టర్ దాన్నెలా ఎత్తేస్తుంది?

ఆప్టిమైజర్ ఆపితే జబ్బు తగ్గదండీ. క్లయింటు పెద్ద సర్వరు కొంటాడు, మన బద్ధకానికి బిల్లు ఆయన కడతాడు.